రెండో మబ్బు

ఆ రేడియో పరిశోధన కేంద్రంలో ఆయన అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినిపించదు. అందరికీ ఆయన కోతలరాయుడే. ఎదురుపడితే వయసుని బట్టి బాబాయ్ అనో రాయుడుగారూ అనో పిలుస్తారు. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు కానీ, ఎందుకు పెట్టారో ఆయన నోరు తెరిస్తే తెలిసిపోతుంది. ఆవరణలో ఉన్న పెద్ద యాంటెనా గిన్నె ఒక ఏడాది వానకి నిండిపోయిందనీ, తను లుంగీ ఎగగట్టి అందులో దిగి మూడు చేపలు పట్టాననీ, వాటిలో ఒకటి కిలోన్నర తూగిందనీ ఆయన ముప్పై ఏళ్ళుగా చెబుతున్నాడు. గిన్నె అడుగంతా జల్లెడలాంటి ఇనపవల. అందులో చుక్క నీరు నిలవదని వినేవాళ్ళకీ తెలుసు. తెలిసీ, రెండో చేప ఎంత తూగిందని అడుగుతారు. దానికీ ఆయన దగ్గర లెక్క ఉంటుంది.

ఉద్యోగం మాత్రం కోతలకి చోటులేనిది. ఒకదానికొకటి వేల మైళ్ళ దూరంలో పదకొండు చోట్ల ఉన్న యాంటెనాలు ఒకే సమయంలో ఆకాశంలో ఒకే చోటుని చూస్తాయి. అందినదంతా డిస్కుల్లో నింపి, పెట్టెల్లో పెట్టి ఇక్కడికి పంపుతాయి. ఆ డిస్కుల్ని పెద్ద కంప్యూటరుకి తగిలించి, ఏ యాంటెనాకి ఎంత ఆలస్యంగా అందిందో లెక్కగట్టి, పదకొండింటినీ కలిపితే భూమంత వెడల్పు యాంటెనా ఒకటి ఉన్నట్టు లెక్క. ఆ కలిపే గది రాయుడిది. కలిపిన ఫలితం చూసుకుని శాస్త్రవేత్త "సరే" అని సంతకం చేస్తే, డిస్కులు చెరిపేసి తిరిగి యాంటెనాలకి పంపేయాలి. అవతల ఇంకో పరిశీలనకి ఖాళీ డిస్కులు కావాలి కదా. ఒకసారి చెరిపాక అసలు సరుకు ఇక లేదు. కలిపినప్పుడు తప్పు చేసి ఉంటే ఆ తప్పే చరిత్ర.

అందుకే ఆ గదిలో ఒక లాగ్‌బుక్కు ఉంటుంది. ప్రతి పనికీ ఒక పేజీ, పేజీకి తొమ్మిది గళ్ళు. ఏ గడికి ఏ అంకె వేశాడో రాయుడు చేత్తో రాస్తాడు. నోటితో ఎన్ని కోతలు కోసినా, ముప్పై ఏళ్ళలో ఆ పుస్తకంలో ఒక్క కోత కోయలేదు. ఒక్క గడి ఖాళీ ఉంచలేదు. ఉంచలేదనే ఆయన కూడా అనుకున్నాడు, ఆ గురువారం దాకా.

గురువారం మధ్యాహ్నం ఆయన మబ్బులమ్మాయి సంతకం పెట్టిన డిస్కులు చెరపడానికి కూర్చున్నాడు. చెరిపేముందు కంప్యూటరులో దాచిన ఆజ్ఞల పట్టికనీ లాగ్‌బుక్కునీ పక్కపక్కన పెట్టి సరిచూడాలి. అది రూలు కాదు, ఆయన పెట్టుకున్న అలవాటు. మొదటి అయిదు గళ్ళూ కలిశాయి. ఆరో గడి దగ్గర పుస్తకంలో ఏమీ లేదు. కంప్యూటరులో మాత్రం ముప్పై అని ఉంది.

ఆయన కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశాడు. ముప్పయ్యే.

ఈ ముప్పై ఏమిటో తెలియాలంటే ముందు మబ్బులమ్మాయి సంగతి తెలియాలి. ఆమె ఆ కేంద్రంలో చేరి నాలుగేళ్ళయింది. నాలుగేళ్ళూ ఒక్క వెలుగు మీదే కూర్చుంది. ఎంత దూరంలో ఉందో చెబితే రాయుడి కోతలే నయమనిపించేంత దూరంలో రేడియో తరంగాలు వెదజల్లే ఒక క్వేజార్ ఉంది. దానికీ మనకీ మధ్య ఒక గెలాక్సీ అడ్డంగా నిలబడింది. గెలాక్సీ అంటే మాటలా, అంత బరువుంటే దాని పక్కనుంచి వెళ్ళే రేడియో తరంగాలు కూడా వంగిపోతాయి. కొన్ని ఇటువైపు నుంచి, కొన్ని అటువైపు నుంచి వంగి వచ్చి, ఒకటే ఉన్నది మనకి రెండుగా కనిపిస్తుంది. పుస్తకాల్లో దాన్ని గురుత్వ కటకం అంటారు. ఆ గదిలో వాళ్ళు మాత్రం ఆ రెండు బొమ్మల్నీ అక్క, చెల్లెలు అనేవాళ్ళు. అక్క తళతళలాడుతూ ఉంటుంది. చెల్లెలి ముఖం మసక. ఎందుకంటే చెల్లెలి దారి ఆ గెలాక్సీలోని వాయువుల మబ్బు మధ్యనుంచి పోతుంది. ఆవిరి పట్టిన అద్దం వెనక దీపం ఎలా చెదిరి కనిపిస్తుందో అలా. ఆ మసక ఎంతో కొలిస్తే, మనం ఏనాటికీ వెళ్ళలేని చోట ఉన్న మబ్బు ఎలాంటిదో చెప్పవచ్చు. ఆమెకి ఆ పేరు అలా వచ్చింది.

మసకకి ఒక లెక్కుంది. తరంగం పొడుగు రెట్టింపయితే మసక నాలుగు రెట్లవ్వాలి. మబ్బులమ్మాయి అయిదు పొడుగుల్లో కొలిచింది. నాలుగు చుక్కలు గీత మీద బుద్ధిగా కూర్చున్నాయి. అన్నిటికన్నా పొడుగు తరంగానిది, అయిదో చుక్క, గీతకి బాగా పైన నిలబడింది. ఆరు నెలలు తల బద్దలు కొట్టుకుని, ఆమె దానికి కారణం కనిపెట్టింది. అక్కడ ఒకటి కాదు, రెండు మబ్బులున్నాయి. రెండోది పలచనిది, పొడుగు తరంగాల్ని మాత్రమే పట్టి చెదరగొడుతుంది. ఇంతవరకు ఎవరూ చూడనిది. సోమవారం పెద్ద సభ. దూరాల నుంచి నలభైమంది వస్తున్నారు. ఆమె ప్రసంగం పేరే "రెండో మబ్బు". ఆమె ఉద్యోగం గడువు ఆ నెలాఖరుకి ముగుస్తుంది. ప్రసంగం బాగుంటే శాశ్వతం చేస్తారన్న మాట వరండాల్లో తిరుగుతోంది.

ఇక ముప్పై. కంప్యూటరు వచ్చినదాన్ని వచ్చినట్టు దాచదు. కొన్ని సెకన్లకి ఒక మూట కట్టి, మూటలో ఉన్నదంతా సగటు చేసి దాస్తుంది. మామూలుగా రెండు సెకన్లకో మూట. భూమి తిరుగుతూనే ఉంటుంది కదా. లెక్కలన్నీ అక్క మీద గురిపెట్టి ఉంటాయి కాబట్టి అక్క కదలదు. పక్కనున్న చెల్లెలు మాత్రం ఇసుమంత జరుగుతూ ఉంటుంది. రంగులరాట్నం ఎక్కితే ఎదురు సీటులో మనిషి ముఖం నిలకడగా కనిపించి, వెనకాల చెట్లన్నీ అలుక్కుపోయినట్టు. రెండు సెకన్ల మూటలో ఆ జరుగుడు లెక్కలోకి రాదు. ముప్పై సెకన్లు మూటగడితే చెల్లెలి ముఖం అలుక్కుపోతుంది. అలా అలుక్కుపోయినది అచ్చం మబ్బు చెదరగొట్టినట్టే ఉంటుంది.

ఆ అయిదో చుక్కని కలిపిన రోజు రాయుడికి గుర్తొచ్చింది. దాచే డిస్కు నిండిపోయింది. చోటు సరిపోవడానికి అంతకుముందు చేసిన పనిలో మూట ముప్పైకి పెంచాడు. ఆ పనిలో గురిపెట్టింది తప్ప పక్కన ఇంకేమీ లేదు కనక నష్టం లేదు. దీనికి తిరిగి రెండుకి మార్చాలి. మార్చడానికి చెయ్యి ఎత్తాడు కూడా. అప్పుడే తలుపు తోసుకుని సందర్శకులు వచ్చారు, పాతికమంది బడి ఉపాధ్యాయులు. వాళ్ళలో ఒకాయన గిన్నెలోకి వాననీళ్ళు రావా అని అడిగాడు.

అడగకూడని మాట అడిగాడు. రాయుడు నలభై నిమిషాలు చేపలు పట్టాడు. తిరిగొచ్చి మీట నొక్కాడు.

ఆ సాయంత్రం ఇంట్లో ఆయన కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. భార్య లెక్కల పంతులమ్మ. ఎదురుగా పరీక్ష పేపర్లు దిద్దుతోంది. ఏమయిందని రెండుసార్లు అడిగింది. మూడోసారి ఎర్ర పెన్ను మూతపెట్టి అడిగింది. ఆయన చెప్పాడు. ముక్కలు ముక్కలుగా, ముందుది వెనక, వెనకది ముందు చెప్పాడు.

"ఆ పిల్లకి చెప్పారా?" అంది.

"రేపు చెప్తా. సంతకం తనే వెనక్కి తీసుకోవాలి. తను కాగితం రాసిస్తేగానీ డిస్కులు ఆపడానికి లేదు, మళ్ళీ కలపడానికి కంప్యూటరూ ఇవ్వరు. ఇప్పటికి చెరపకుండానే పెట్టెల్లో పెట్టించా. రేపు నాలుగింటికి బండి వస్తుంది, వెళ్ళాయంటే అవతల వాటి మీదే కొత్తది నింపేస్తారు."

"మరి అంత నీరసం దేనికి?"

నాలుగు నెలల్లో ఆయనకి ఉద్యోగ విరమణ. ఆ పుస్తకం ఒక్కటి చూపించి తలెత్తుకుని వెళ్ళిపోదామనుకున్నాడు. ఆ మాట ఆమెకి చెప్పనక్కర్లేదు, ఆమెకి తెలుసు. ఇంకోటి కూడా ఉంది. "నేను చెప్తే నమ్ముతుందంటావా?" అన్నాడు.

భార్య పేపర్లు సర్దుతూ, "మీరు అబద్ధం చెప్పేటప్పుడు గుక్క తిప్పుకోరు. తూకాలూ గజాలూ నిమిషాలతో సహా చెప్తారు. నిజం చెప్పాల్సొస్తే ఇదిగో, ఇలా నీళ్ళు నములుతారు. ఇందాక చెప్పినట్టే చెప్పండి, నమ్ముతుంది" అంది.

శుక్రవారం పొద్దున క్యాంటీన్లో మబ్బులమ్మాయి అయిదారుగురి మధ్య కూర్చుని టీ తాగుతోంది. రాయుడు గ్లాసు పట్టుకుని వెళ్ళి నిలబడ్డాడు. నీళ్ళు నమలడం ఇంట్లో అయితే వచ్చింది గానీ, అంతమంది ముఖాలు తనవైపు తిరిగి, ఈరోజు ఏం వినిపిస్తాడా అని ఎదురు చూస్తుంటే, నాలుక తన దారి తను చూసుకుంది.

"నీ రెండో మబ్బుని పుట్టించింది ఎవరనుకున్నావ్ తల్లీ? నేనే. ముప్పై సెకన్లలో, ఒంటిచేత్తో" అన్నాడు.

బల్ల చుట్టూ నవ్వులు. ఒకడు టీ ఒలకబోసుకున్నాడు. మబ్బులమ్మాయి కూడా పడీపడీ నవ్వి, "పోయిన వారం దాకా చేపలే అనుకున్నాం. ఇప్పుడు మబ్బులు కూడానా బాబాయ్? అందులో వాన కూడా మీరే కురిపించారని సోమవారం చెప్పనా?" అంది.

అప్పుడైనా కాదమ్మా నిజమే అని ఉండాల్సింది. కానీ నవ్వు ఎదురుగా ఉంటే రాయుడికి ముప్పై ఏళ్ళుగా హాయి. ఆ హాయిలో ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణంలో ఆమె గడియారం చూసుకుని, ప్రసంగం బొమ్మలు ఇంకా పూర్తికాలేదంటూ లేచి వెళ్ళిపోయింది. ఆయన చల్లారిన టీ తాగాడు. తాగుతుంటే, అబద్ధాలన్నీ నమ్మకపోయినా విన్న మనుషులు నిజాన్ని వినకుండానే నవ్వేశారన్న సంగతి తట్టింది. తప్పు వాళ్ళది కాదని కూడా తెలుసు.

మధ్యాహ్నం మూడవడానికి పది నిమిషాలుందనగా ఆమె గది తలుపు తట్టాడు. చంకలో లాగ్‌బుక్కు ఉంది. గదిలో తెర మీద గ్రాఫు, గీత, నాలుగు చుక్కలు, పైన ఒంటరిగా అయిదోది. దాని చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి ఉంది.

ఆయన పుస్తకం తెరిచి ఆమె ముందు పెట్టాడు.

"ఏముంది బాబాయ్ ఇందులో?"

"ఏం లేదు. అదే... అక్కడ ఏం లేదు."

ఆమె చూసింది. తొమ్మిది గళ్ళు. ఆరోది ఖాళీ. నవ్వబోయి ఆగి, వెనక పేజీ తిప్పింది. నిండా అంకెలు. ఇంకా వెనక్కి తిప్పింది. అన్నీ నిండే ఉన్నాయి. పది పేజీలు తిప్పి మళ్ళీ ఖాళీ గడి దగ్గరికి వచ్చింది.

"ఎంత పెట్టారు?"

"ముప్పై."

ఎందుకు, ఎలా, ఎవరొచ్చారు, ఏమీ చెప్పలేదు. అలా నిలబడి ఉన్న రాయుణ్ణి ఆమె అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. ఒక కాగితం లాక్కుని గబగబా లెక్క వేసింది. అక్కకీ చెల్లెలికీ మధ్య దూరం, భూమి తిరిగే వేగం, ముప్పై సెకన్లు. అడుగున వచ్చిన అంకె చూసింది, తెర మీద ఎర్ర సున్నా చూసింది. పెన్ను కింద పెట్టింది.

"పొద్దునే చెప్పొచ్చు కదా బాబాయ్."

"చెప్పాను."

ఆమెకి పొద్దున టీ బల్ల దగ్గర తను నవ్విన నవ్వు గుర్తొచ్చింది.

రాయుడే మళ్ళీ అందుకున్నాడు. "బండి నాలుగింటికి వస్తుంది. నువ్వు కాగితం రాస్తే ఆపుతా. రాయకపోతే... రాయకపోతే అవి వెళ్ళిపోతాయి. తర్వాత ఎవరు అడిగినా తేల్చడానికి ఏమీ ఉండదు. నేను మాత్రం ఇవాళ్టి పేజీలో ఇది రాయాలి. రాయకుండా ఉండలేను. ఆ పుస్తకం ఎవరూ చదవరనుకో."

"ఎవరూ చదవరు" అంది ఆమె, తెర వైపు చూస్తూ. నాలుగేళ్ళ పని, నలభైమంది, నెలాఖరు. అన్నీ ఆ ఎర్ర సున్నాలోనే ఉన్నాయి. "మళ్ళీ కలిపి చూస్తే చుక్క అక్కడే ఉండొచ్చు కదా" అంది.

"ఉండొచ్చు."

"ఉండదా?"

"నాకు తెలీదమ్మా."

ఆ తెలీదన్న మాటకి ఆమె లేచింది. రాయుడి నోటి వెంట ఆ మాట రావడం అదే మొదటిసారి. సొరుగులోంచి తెల్లకాగితం తీసి, సంతకం వెనక్కి తీసుకుంటున్నానని నాలుగు వరుసలు రాసి ఇచ్చింది.

గోదాములో పెట్టెలు అప్పటికే తలుపు దగ్గర పేర్చి ఉన్నాయి. గోదాము గుమాస్తా కాగితం చదివి, సంతకం పెట్టాక వెనక్కి తీసుకోవడం తన జన్మలో చూడలేదన్నాడు. "ఏం రాయుడుగారూ, పెట్టెల్లో చేపలేమైనా మర్చిపోయారా?" అన్నాడు. రాయుడు ఒక పెట్టె ఎత్తి భుజాన పెట్టుకున్నాడు. గుమాస్తా ఆయన ముఖం చూసి, రెండోది తను ఎత్తాడు.

డైరెక్టరు దగ్గరికి ఇద్దరూ కలిసే వెళ్ళారు. ఆయన కేకలేయలేదు. ఈ ముప్పై ఎప్పటినుంచి ఉంది, ఎన్ని పనులు చెడ్డాయి అని మాత్రం అడిగాడు. రాయుడు పొద్దుటినుంచీ కూర్చుని ఏడు నెలల పట్టికలన్నీ తిరగేశానని, ఇంకో మూడు పనుల్లో ముప్పై ఉందని, ఆ మూడింటిలోనూ గురి పక్కన ఏమీ లేదు కనక చెడలేదని చెప్పాడు. రేపటినుంచి ఆరో గడి అంకె కంప్యూటరులోనూ కొడితేగానీ మీట పనిచేయకుండా చేయమన్నాడు డైరెక్టరు. ఆదివారం సాయంత్రం దాకా కంప్యూటరు ఇచ్చాడు. ముప్పై ఏళ్ళ మనిషికి ఆ కొత్త కట్టుబాటు తల కొట్టేసినట్టయింది. కానీ అడగాల్సింది అడిగాడని మనసులో ఒప్పుకున్నాడు.

శనివారం పొద్దున్నే మొదలుపెట్టారు. నిండిన డిస్కులో చోటు కోసం రాయుడు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, ఎప్పటివో పాత బొమ్మలు తీసేయమని బతిమాలాడు. మబ్బులమ్మాయి ముందు ఒక పరీక్ష పెట్టమంది. మూట ముప్పైలోనే ఉంచి, గురి మాత్రం ఈసారి చెల్లెలి మీద పెట్టాలి. మసక మబ్బుదైతే చెల్లెలు ఎప్పటిలాగే ఉంటుంది, అక్కకి ఏమీ కాదు. మూటదైతే ఈసారి అక్క అలుక్కుపోవాలి.

మధ్యాహ్నానికి బొమ్మ వచ్చింది. ఎప్పుడూ తళతళలాడే అక్క, తడి చేత్తో తుడిచిన బొట్టులా సాగిపోయి ఉంది.

ఇద్దరూ ఆ బొమ్మని చాలాసేపు చూశారు. తర్వాత ఆయన మూటని రెండుకి మార్చాడు. మార్చి, కంప్యూటరు మీట నొక్కకముందే, పుస్తకంలో కొత్త పేజీ ఆరో గడిలో రెండు అని రాసి, ఆమెకి చూపించి, అప్పుడు నొక్కాడు.

మూటలు చిన్నవైతే పని పెద్దది. ఆదివారం మధ్యాహ్నం దాకా పట్టింది. రాయుడి భార్య ఇద్దరికీ అన్నం క్యారేజీ తెచ్చి, అక్కడే ఒక కుర్చీలో కూర్చుని మిగిలిన పేపర్లు దిద్దుకుంది. బొమ్మ వచ్చేసరికి మబ్బులమ్మాయి స్కేలు పెట్టి కొలిచినంత జాగ్రత్తగా మూడుసార్లు కొలిచింది. చెల్లెలు ఇంకా మసకగానే ఉంది. కానీ అంతకుముందున్నంత లేదు. గ్రాఫులో పాత చుక్క తీసేసి కొత్తది పెట్టింది. అది వెళ్ళి మిగతా నాలుగింటి పక్కన, గీత మీద, బుద్ధిగా కూర్చుంది.

మబ్బు ఉంది. ఒక్కటే ఉంది.

రాయుడు ఆమె ఏడుస్తుందేమోనని చూశాడు. పంతులమ్మ కూడా ఎర్ర పెన్ను ఆపి చూసింది. మబ్బులమ్మాయి కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు నులుముకుని, "ఒక్క చుక్క కోసం ఆరు నెలలు మబ్బు అల్లాను బాబాయ్. దాని మందమెంతో, వెడల్పెంతో కూడా లెక్కగట్టాను. మీ చేపలకీ నా మబ్బుకీ తేడా ఏముంది చెప్పండి" అంది.

"ఎందుకు లేదూ. చేపల్ని నేను తూకం వేశాను" అన్నాడు రాయుడు.

పంతులమ్మ ముందు నవ్వింది. తర్వాత ఆ అమ్మాయి నవ్వింది, నవ్వుతూనే కాస్త ఏడ్చింది కూడా. తర్వాత ముక్కు తుడుచుకుని ప్రసంగం మొదటి బొమ్మ తెరిచి, పేరులోంచి "రెండో" కొట్టేసింది.

సోమవారం ఆమె ప్రసంగం పన్నెండు నిమిషాలు ముందే అయిపోయింది. వెనక వరుసలోంచి ఒకాయన లేచి, ముందు పంపిన కాగితంలో ఇంకో మబ్బు ఉందన్నారే, అదేమయిందని అడిగాడు. కలపడంలో మేం చేసిన పొరపాటు, సరిదిద్దాం, అందామె. "నేను" అనలేదు, "వాళ్ళు" అనలేదు, "మేం" అంది. చివరి వరుసలో నిలబడి ఉన్న రాయుడు ఆ మాట విని నేల చూశాడు. ఉద్యోగం శాశ్వతం చేయలేదు. ఒక ఏడాది పొడిగించారు, మిగతాది తర్వాత చూద్దామన్నారు. ఒక్క మబ్బుకి అంతే వస్తుంది అని ఆమె క్యాంటీన్లో చెప్పుకుంది. నలభైమందిలో ఇద్దరు మాత్రం తిరిగి వెళ్ళాక ఉత్తరాలు రాశారు. తమ పాత పరిశీలనల్లో మూట ఎంత పెట్టారో వెతికించుకుంటున్నామన్నారు.

పాత పేజీలో ఆరో గడి ఖాళీగానే ఉంది. తర్వాత తీరిగ్గా నింపడం ఆ పుస్తకంలో లేదు. శుక్రవారం పేజీ అడుగున మాత్రం రాయుడి రాతలో ఒక వాక్యం ఉంది: సందర్శకులతో మాట్లాడుతూ మూట మార్చడం మరిచాను, రాయడమూ మరిచాను.

మూడు వారాల తర్వాత ఇంకో సందర్శకుల గుంపు వచ్చింది. ఈసారి బ్యాంకు ఉద్యోగులు. రాయుడు వాళ్ళని కాసేపు వరండాలో ఆపి, లోపలికి వెళ్ళి, తొమ్మిది గళ్ళూ నింపి, మీట నొక్కి, అప్పుడు బయటికి వచ్చాడు. చేపలు పట్టాడు. కిలోన్నరది రెండు కిలోలయింది. అది అయ్యాక, ఎవరూ అడక్కుండానే, ఇంకో కథ ఎత్తుకున్నాడు. మన సూర్యుడి లాంటివి వేలకి వేలు పట్టేంత మబ్బుని ఒకసారి తను ఒక్క అంకెతో పుట్టించాననీ, ఇంకో అంకెతో ఊది పారేశాననీ, దాన్ని చూడడానికి దూరాల నుంచి నలభైమంది వచ్చి ఖాళీ చోటు చూసి వెళ్ళారనీ చెప్పాడు.

బ్యాంకువాళ్ళు కడుపు పట్టుకుని నవ్వారు. అప్పుడే గదిలోంచి బయటికొస్తున్న మబ్బులమ్మాయిని ఆపి, వాళ్ళలో ఒకావిడ, "ఏమ్మా, ఈయన చెప్పేదాంట్లో ఒక్కటైనా నిజం ఉందా?" అని అడిగింది.

మబ్బులమ్మాయి రాయుడి వైపు చూసింది. ఆయన ఉన్నట్టుండి కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు.

"చేపలు అబద్ధమండీ" అని చెప్పి ఆమె తన గదిలోకి వెళ్ళిపోయింది.